షుగర్ 178, రక్తంలో ఆమ్లం: డాపాగ్లిఫ్లోజిన్ వాడుతున్న ఒక పేషెంట్ కేసు

పేషెంట్ వయసు 51. ఊరు కృష్ణా డెల్టాలో ఒక పల్లె. ఇంట్లోనే కుట్టు మిషన్ పెట్టుకుని బ్లౌజులు కుడతారు. షుగర్ వచ్చి 9 ఏళ్ళు. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. వైద్యపరంగా అవసరమైనవి మాత్రం అలాగే ఉంచాను. రాయడానికి ఆవిడ ఒప్పుకున్నారు.

కార్తీక మాసం, బుధవారం ఉదయం. కూతురు, అల్లుడు కలిసి వీల్‌చైర్‌లో తీసుకొచ్చారు. సోమవారం రాత్రి నుంచి వాంతులు, పొట్ట పైభాగంలో నొప్పి. మంగళవారం సాయంత్రం నుంచి ఆయాసం. ఊళ్ళో చూపించారు. అక్కడ వేలు గుచ్చి చూస్తే షుగర్ 164. "షుగర్ బాగానే ఉంది, ఉపవాసానికి గ్యాస్ పట్టింది" అని పాంటాప్రజోల్, వాంతులకు ఒక ఇంజెక్షన్, ఒక సెలైన్ బాటిల్ ఇచ్చి పంపారు. రాత్రంతా ఆవిడ పడుకోలేక గోడకి చేరగిలబడి కూర్చున్నారట.

"గుండెకేమైనా అయిందా డాక్టర్ గారూ? ఊపిరితిత్తుల్లో నీరు చేరిందేమో" అని కూతురి భయం. అనుమానం న్యాయమైనదే. నాడి 118, బీపీ 100/64, జ్వరం లేదు, నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. శ్వాస నిమిషానికి 32. అది పైపైన ఎగపోయే శ్వాస కాదు. లోతుగా, ఆగకుండా, ఎవరో వెనకనుంచి తోస్తున్నట్టు సాగుతున్న శ్వాస. స్టెత్ పెడితే ఊపిరితిత్తులు రెండూ శుభ్రంగా ఉన్నాయి. ఆక్సిజన్ 99 శాతం. ఈసీజీలో నాడి వేగం తప్ప ఏమీ లేదు.

ఊపిరితిత్తులు బాగుండి, ఆక్సిజన్ బాగుండి, మనిషి మాత్రం ఇలా ఊపిరి తీస్తుంటే, రక్తంలో పేరుకున్న ఆమ్లాన్ని బొగ్గుపులుసు వాయువు రూపంలో బయటికి తోసేయడానికి శరీరం తంటాలు పడుతోందని అనుమానించాలి. షుగర్ పేషెంట్‌లో ఈ శ్వాస కనిపిస్తే మొదట గుర్తొచ్చేది కీటోఅసిడోసిస్, అంటే ఇన్సులిన్ చాలక కొవ్వు కరిగి, కీటోన్లనే ఆమ్లాలు రక్తంలో పేరుకోవడం. కానీ మా గ్లూకోమీటర్‌లో వచ్చింది 178. కీటోఅసిడోసిస్ అంటే షుగర్ 400, 500 ఉండాలని మెడికల్ కాలేజీలో అందరం చదువుకున్నాం. 178 చూశాక చాలామంది ఆలోచన అక్కడే ఆగిపోతుంది. ముందురోజు ఊళ్ళో ఆగింది కూడా అక్కడే.

మందుల డబ్బా

రక్తం తీసి పంపించి, ఈలోగా మందుల డబ్బా చూపించమన్నాను. పాత హార్లిక్స్ సీసా నిండా స్ట్రిప్పులు. బీపీకి టెల్మిసార్టాన్, కొలెస్ట్రాల్‌కి అటార్వాస్టాటిన్, ఇంకొకటి "షుగర్ బిళ్ళ". ఆ మూడోదాన్ని తిప్పి వెనకవైపు సన్న అక్షరాలు చదివితే డాపాగ్లిఫ్లోజిన్ (షుగర్‌ని మూత్రంలోకి పంపేసే మందు) 10 ఎంజీ, మెట్‌ఫార్మిన్ 1000 ఎంజీ కలిపిన కాంబినేషన్. ఏడు నెలలుగా వాడుతున్నారు. అది రెండు మందుల మాత్ర అని ఇంట్లో ఎవరికీ తెలియదు. వాళ్ళకి అది ఒక బిళ్ళ, అంతే.

చీటీలో ఇంకో మందు కూడా ఉంది. 30/70 ఇన్సులిన్, పొద్దున 16 యూనిట్లు, రాత్రి 10. అది డబ్బాలో లేదు.

"ఇన్సులిన్ ఏదమ్మా?"

"ఫ్రిజ్‌లో ఉందండీ. మానేసింది" అంది కూతురు. ఆ మాటలో కాస్త గర్వం కూడా ఉంది.

తర్వాత కథంతా బయటికొచ్చింది. ఇరవై రోజుల కిందట వీడియోలు చూసి అన్నం పూర్తిగా మానేశారు. కొబ్బరి నూనె, వెన్న, పనీర్, కూరగాయల సూప్. మొదట గుడ్లు కూడా తిన్నారు, కార్తీకం వచ్చాక అవీ ఆపేశారు. వారం తిరిగేసరికి పరగడుపు షుగర్ 200 నుంచి 120కి దిగింది. ఇన్సులిన్ సగానికి తగ్గించారు. తర్వాత మొత్తానికే మానేశారు. బరువు 58 కిలోల నుంచి 53కి తగ్గింది. తొమ్మిదేళ్ళ షుగర్‌లో ఇంత మంచి రీడింగులు ఎప్పుడూ చూడలేదట. సూది మానగలిగానని వీధిలో అందరికీ చెప్పుకున్నారు. ఆ సంతోషాన్ని నేను తప్పుపట్టను. రోజుకు రెండుసార్లు పొట్టలో గుచ్చుకునే మనిషికి అది చిన్న విషయం కాదు.

బిళ్ళ మాత్రం మానలేదు. కార్తీక సోమవారం నక్షత్రాలు చూసేదాకా పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ లేదు, అయినా పొద్దున బిళ్ళ వేసుకున్నారు. మంగళవారం వాంతులవుతున్నా వేసుకున్నారు. "షుగర్ బిళ్ళ ఒక్కరోజు కూడా తప్పకూడదు" అని మనమే కదా నూరిపోసింది.

ఆవిడ విషయంలో సూది ఆపకూడదు, బిళ్ళ ఆపాలి. జరిగింది సరిగ్గా దానికి తలకిందులు. సూది అంటే పెద్ద మందు, బిళ్ళ అంటే చిన్న మందు అన్నది మన జనంలో బలంగా నాటుకుపోయిన లెక్క. బాగున్నప్పుడు ముందు మానేది సూదినే.

రిపోర్టులు

ఏబీజీలో (రక్తంలో ఆమ్లం, వాయువులు చూసే పరీక్ష) పీహెచ్ 7.17, ఆమ్లాన్ని విరిచే బైకార్బొనేట్ 6, కార్బన్ డయాక్సైడ్ పీడనం 17. సోడియం 134, క్లోరైడ్ 103, అంటే అనయాన్ గ్యాప్ (రక్తంలో విడిగా కొలవని ఆమ్లాలు ఎంత పేరుకున్నాయో చెప్పే లెక్క) 25. పొటాషియం 4.6. క్రియాటినిన్ 1.3. లాక్టేట్ 1.6. లైపేజ్ (పాంక్రియాస్ పరీక్ష), ట్రోపోనిన్ (గుండె పరీక్ష) నార్మల్. తెల్లకణాలు 15,400. రక్తంలో కీటోన్ (బీటా హైడ్రాక్సీ బ్యుటిరేట్) 5.9 మిల్లీమోల్స్. 3 దాటితేనే ప్రమాదం కింద లెక్క. హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు షుగర్) 8.1. డైట్‌కి ముందు చేయించుకున్న పాత రిపోర్టులో 9.4 ఉంది.

మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకి రక్తంలో ఆమ్లం పెరిగిందనగానే లాక్టిక్ అసిడోసిస్ (లాక్టిక్ ఆమ్లం పేరుకోవడం) అనుకోవడం మామూలే. లాక్టేట్ 1.6 అంటే అది కాదని తేలిపోయింది. ఉపవాసం వల్ల కూడా కీటోన్లు వస్తాయి, అయితే ఒట్టి ఉపవాసానికి బైకార్బొనేట్ 18 కంటే కిందికి పోవడం అరుదు. 6కి అసలు పోదు. తెల్లకణాలు పెరగడం ఇన్ఫెక్షన్ లేకుండానే కీటోఅసిడోసిస్‌లో కనిపిస్తుంది. అయినా యూరిన్ కల్చర్, ఎక్స్‌రే పంపాం. రెండింట్లోనూ ఏమీ రాలేదు.

మూత్రంలో కీటోన్ స్ట్రిప్ 2+ మాత్రమే చూపించింది. ఇది గుర్తుంచుకోవాల్సిన విషయం. మూత్రం స్ట్రిప్ పట్టేది అసిటోఅసిటేట్‌ని. కీటోఅసిడోసిస్‌లో ఎక్కువగా ఉండేది బీటా హైడ్రాక్సీ బ్యుటిరేట్, దాన్ని స్ట్రిప్ పట్టదు. పైగా డాపాగ్లిఫ్లోజిన్ వల్ల కీటోన్లు మూత్రంలోకి పోకుండా కిడ్నీ వాటిని కొంత వెనక్కి లాక్కుంటుంది. కాబట్టి మూత్రంలో "కొంచెమే ఉంది" అన్న రిపోర్టు చూసి నిశ్చింతగా ఉండడానికి లేదు. రక్తంలో కీటోన్ చూసే వసతి లేని చోట ఏబీజీ, అనయాన్ గ్యాప్ చాలు, అనుమానం గట్టిపడుతుంది.

డయాగ్నోసిస్: యూగ్లైసీమిక్ కీటోఅసిడోసిస్. షుగర్ పెద్దగా పెరగకుండానే వచ్చే కీటోఅసిడోసిస్.

ఎందుకు జరిగింది

మన కిడ్నీలు రోజుకు సుమారు 180 గ్రాముల గ్లూకోజ్‌ని వడపోసి, మళ్ళీ దాదాపు మొత్తాన్నీ వెనక్కి తీసుకుంటాయి. అందులో 90 శాతం దాకా పని ఎస్‌జీఎల్‌టీ2 అనే ప్రోటీన్‌ది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్ ఈ ప్రోటీన్‌ని అడ్డుకుంటాయి. షుగర్ ఉన్న మనిషిలో రోజుకు 60 నుంచి 80 గ్రాముల గ్లూకోజ్ మూత్రంలో పోతుంది. ఇన్సులిన్‌తో నిమిత్తం లేకుండా రక్తంలో షుగర్ తగ్గుతుంది.

తంటా అంతా ఆ "నిమిత్తం లేకుండా" దగ్గరే ఉంది. శరీరంలో ఇన్సులిన్ దాదాపు అడుగంటినా మీటర్‌లో అంకె బాగానే కనిపిస్తుంది. కింద తూము తెరిచి పెట్టి, చెరువు మట్టం పెరగలేదు కాబట్టి వరద రాలేదనుకున్నట్టు ఉంటుంది. ఇన్సులిన్ చేసే పని షుగర్ తగ్గించడం ఒక్కటే కాదు, కొవ్వు కరిగి కీటోన్లుగా మారకుండా పట్టి ఉంచడం కూడా. ఆవిడ ఇన్సులిన్ సూది మానేశారు. పిండిపదార్థం మానేశారు కాబట్టి సొంత ఇన్సులిన్ ఊరడమూ తగ్గింది. మందు వల్ల గ్లూకగాన్ (ఇన్సులిన్‌కి ఎదురు పనిచేసే హార్మోన్) పెరిగింది. తిన్నదంతా కొవ్వు. దాని మీద ఒక పూర్తి ఉపవాసం, ఆ తర్వాత వాంతులతో నీరు పోవడం. ఇందులో ఏ ఒక్కటైనా విడిగా జరిగితే బహుశా ఆవిడ ఆసుపత్రికి వచ్చేవారు కాదు.

ఇది కొత్తగా కనిపెట్టిన ప్రమాదం కాదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015 మే నెలలోనే ఈ తరగతి మందుల గురించి కీటోఅసిడోసిస్ హెచ్చరిక ఇచ్చింది. అరుదైనదే. 17,160 మందితో చేసిన డిక్లేర్ ట్రయల్‌లో సుమారు నాలుగేళ్ళలో డాపాగ్లిఫ్లోజిన్ వాడినవాళ్ళలో 0.3 శాతం మందికి, వాడనివాళ్ళలో 0.1 శాతం మందికి వచ్చింది. అయితే ట్రయల్‌లో చేరినవాళ్ళని క్రమంగా చూసుకునే డాక్టర్లు ఉంటారు. వాళ్ళు వీడియో చూసి ఇన్సులిన్ మానేసి కార్తీక ఉపవాసం ఉండరు.

వైద్యం: "షుగర్ 131 ఉంది సార్, ఇన్సులిన్ ఆపేద్దామా?"

ఐసీయూలో మొదటి గంట లీటరు నార్మల్ సెలైన్. పొటాషియం 3.5 కంటే ఎక్కువే ఉంది కాబట్టి ఇన్సులిన్ ఇన్ఫ్యూజన్ (నరంలోకి ఆగకుండా ఎక్కించడం) వెంటనే మొదలుపెట్టాం. కిలోకి 0.1 యూనిట్ లెక్కన గంటకి 5 యూనిట్లు. మామూలు కీటోఅసిడోసిస్‌లో షుగర్ 250కి దిగాక గ్లూకోజ్ కలుపుతాం. ఇక్కడ షుగర్ మొదటి నుంచే అంతకంటే తక్కువ, కాబట్టి ఇన్సులిన్‌తో పాటే 5 శాతం డెక్స్‌ట్రోస్ (గ్లూకోజ్) రెండో లైన్‌లో పెట్టాం. మూత్రం వస్తోందని చూసుకుని పొటాషియం కలిపాం. పీహెచ్ 7 పైనే ఉంది కాబట్టి సోడా బైకార్బ్ జోలికి పోలేదు.

షుగర్ పేషెంట్‌కి గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తుంటే అల్లుడు ఊరుకోలేదు. "అదేంటండీ, షుగర్ ఉన్న మనిషికి గ్లూకోజా?" అని నర్సుతో వాదన పెట్టుకున్నారు. ఆయన్ని కూర్చోబెట్టి చెప్పాను: కీటోన్లని ఆపేది ఇన్సులిన్. ఇన్సులిన్ ఇస్తూ ఉండాలంటే షుగర్ పడిపోకుండా గ్లూకోజ్ ఇవ్వాలి. ఇక్కడ గ్లూకోజ్ కూడా మందే.

నాలుగు గంటలకి షుగర్ 131. డ్యూటీ డాక్టర్ ఫోన్ చేసి, షుగర్ 131 ఉంది, ఇన్సులిన్ ఆపేద్దామా అని అడిగాడు. ఆ అబ్బాయి అడగడం మంచిదైంది. అడక్కుండా ఆపేసే వార్డులు ఉంటాయి. ఇన్సులిన్ అలాగే ఉంచి డెక్స్‌ట్రోస్‌ని 10 శాతానికి మార్చమన్నాను. ఈ కేసులో షుగర్ అంకె మనకు దారి చూపించదు. కీటోన్, బైకార్బ్, అనయాన్ గ్యాప్ చూస్తూ నడవాలి. ఆరు గంటలకి కీటోన్ 4.1, పద్నాలుగు గంటలకి 1.8, పీహెచ్ 7.31. మధ్యలో పొటాషియం 3.6కి దిగితే పొటాషియం మోతాదు పెంచాం. 3.5 కంటే కిందికి పోతే ఇన్సులిన్ ఆపి ముందు పొటాషియం సరిచేయాలి. లేకపోతే గుండె లయ తప్పుతుంది.

ఇరవై ఆరు గంటలకి కీటోన్ 0.5. ఆయాసం పోయింది, ఆవిడ ఇడ్లీ తిన్నారు. చర్మం కింద ఇన్సులిన్ ఇచ్చి, రెండు గంటలు ఆగి ఇన్ఫ్యూజన్ తీసేశాం. అందరం హమ్మయ్య అనుకున్నాం.

మర్నాడు పొద్దున మళ్ళీ వాంతి. షుగర్ 140, కీటోన్ 1.9.

ఈ మందుతో వచ్చే కీటోఅసిడోసిస్‌లో ఇది జరుగుతుంది. డాపాగ్లిఫ్లోజిన్ అర్ధాయుష్షు 13 గంటల దగ్గర, అంటే రెండు మూడు రోజుల్లో రక్తంలోంచి చాలావరకు పోతుంది. కానీ కిడ్నీ మీద దాని పని అంతకంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. ఆవిడ చివరి బిళ్ళ మంగళవారం పొద్దున వేసుకున్నారు. ఐదో రోజున కూడా రక్తంలో షుగర్ 130ల్లో ఉంటే మూత్రంలో గ్లూకోజ్ 3+ వస్తూనే ఉంది. మళ్ళీ ఇన్సులిన్, డెక్స్‌ట్రోస్ లైన్లు పెట్టి, ఇంకో పన్నెండు గంటలు నడిపి, ఈసారి పిండిపదార్థం కడుపులో నిలుస్తోందని నమ్మకం కుదిరాకే తీశాం. ఇన్ఫ్యూజన్ తీశాక కూడా కనీసం ఒక రోజు కీటోన్ చూస్తూ ఉండాలని నా అభిప్రాయం. "షుగర్ కంట్రోల్ అయింది, ఇంటికి వెళ్ళొచ్చు" అన్న మాట ఇక్కడ పనికిరాదు.

వార్డులో ఉండగా నర్సు అడిగితే బయటపడిన ఇంకో సంగతి: రెండు నెలలుగా జననాంగం దగ్గర దురద, మంట. ఎవరికీ చెప్పలేదు. మూత్రంలో గ్లూకోజ్ పోతూ ఉంటే అక్కడ ఫంగస్ పట్టడం ఈ మందుల్లో అన్నిటికంటే తరచుగా వచ్చే ఇబ్బంది. క్లోట్రిమజోల్‌తో తగ్గింది. మందు రాసిచ్చేటప్పుడే, ముఖ్యంగా ఆడవాళ్ళకి, ఇలా రావచ్చు, వస్తే సిగ్గుపడకుండా చెప్పండి అని ఒక్క మాట అంటే చాలు. మగ డాక్టరు అడగలేకపోతే సిస్టర్ అడగొచ్చు. ఆ భాగంలో విపరీతమైన నొప్పి, వాపు, జ్వరం కలిసి వస్తే మాత్రం అది ఫోర్నియర్స్ గ్యాంగ్రీన్ (అక్కడి కండ కుళ్ళిపోయే ఇన్ఫెక్షన్) కావచ్చు. చాలా అరుదు, కానీ అదే రోజు సర్జన్ చూడాలి.

ఈ బిళ్ళ చెడ్డదా?

కాదు. ఇది చదివి ఎవరూ రేపటి నుంచి బిళ్ళ మానేయొద్దు. గుండె బలహీనపడినవాళ్ళలో, మూత్రంలో ప్రోటీన్ పోతూ కిడ్నీ దెబ్బతింటున్నవాళ్ళలో ఈ మందులు చేసే మేలు 2019లో డాపా-హెచ్‌ఎఫ్, 2020లో డాపా-సీకేడీ ట్రయల్స్ తర్వాత వాదించడానికి వీల్లేనంత స్పష్టం. 2020 అక్టోబర్‌లో మన దేశంలో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ ముగిశాక చాలా కంపెనీలు తయారుచేయడం, ధర పడిపోవడం వల్ల పల్లెల దాకా చేరింది. అది మంచి పరిణామమే. నేను చాలామందికి రాస్తున్నాను, ఇకముందూ రాస్తాను.

కాకపోతే ధరతో పాటు జాగ్రత్త చెప్పే అలవాటు కూడా దిగిపోయింది. మెట్‌ఫార్మిన్‌తో, సిటాగ్లిప్టిన్‌తో, విల్డాగ్లిప్టిన్‌తో, గ్లిమెపిరైడ్‌తో కలిపి రకరకాల పేర్లతో వస్తోంది. పైన పేరు చూస్తే లోపల ఏముందో డాక్టరుకే చప్పున తెలియదు. స్ట్రిప్ వెనక "గ్లిఫ్లోజిన్" అని ముగిసే పేరు ఉందేమో చూడమని మా పేషెంట్ల పిల్లలకి చెబుతున్నాను. వాళ్ళు ఫోన్‌లో ఫోటో తీసి పెద్దది చేసుకుని చదువుతారు.

ఈ ఆవిడకి మందు ఎందుకు రాశారో చీటీలో లేదు. గుండె ఎకో బాగుంది, మూత్రంలో ప్రోటీన్ లేదు. సన్నటి మనిషి, తొమ్మిదేళ్ళ షుగర్, ఇన్సులిన్ లేకపోతే అదుపులోకి రాని చరిత్ర. ఇలాంటి శరీరంలో సొంత ఇన్సులిన్ చాలా తక్కువ మిగిలి ఉంటుందని అనుమానించాలి. సన్నగా ఉండి, బరువు ఇంకా తగ్గుతూ, ఇన్సులిన్ మీద ఆధారపడ్డవాళ్ళకి, టైప్ 1 వాళ్ళకి, ఒకసారి కీటోఅసిడోసిస్ వచ్చినవాళ్ళకి, బాగా తాగేవాళ్ళకి నేను ఈ మందు రాయను. గుండె కోసం తప్పదనుకుంటే ముందు సీ-పెప్టైడ్ (సొంత ఇన్సులిన్ ఎంత ఊరుతోందో చెప్పే పరీక్ష) చూస్తాను.

ఈ మందు రాసిచ్చిన పేషెంట్లకి ఒక అట్టముక్క ఇస్తాం. పెద్ద అక్షరాల్లో తెలుగులో ఉంటుంది, ఫ్రిజ్ మీద అంటించుకోమంటాం:

"వాంతులు, విరేచనాలు, జ్వరం, తిండి సరిగ్గా దిగకపోవడం, పూర్తి ఉపవాసం: ఈ రోజుల్లో ఈ బిళ్ళ వేసుకోవద్దు. ఇన్సులిన్ వాడుతుంటే మాత్రం సొంతంగా పూర్తిగా ఆపొద్దు, ఫోన్ చేసి మోతాదు అడగండి. ఆపరేషన్ ఉంటే మూడు రోజుల ముందే ఈ బిళ్ళ ఆపాలి, ఆపరేషన్ చేసే డాక్టరుకి స్ట్రిప్ చూపించండి. అన్నం పూర్తిగా మానేసే డైట్ ఏదైనా మొదలుపెట్టే ముందు మాకు చెప్పండి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే షుగర్ నార్మల్ ఉన్నా సరే అదే రోజు రండి. మళ్ళీ మామూలుగా తిని, తాగి ఒకటి రెండు రోజులయ్యాకే బిళ్ళ మొదలుపెట్టండి."

ఆపరేషన్‌కి మూడు రోజులన్నది 2020లో ఎఫ్‌డీఏ మందు లేబుల్‌లో చేర్చిన గడువు (ఎర్టుగ్లిఫ్లోజిన్‌కి నాలుగు). ఆపరేషన్ ముందు "షుగర్ ఎంత ఉంది" అని అడిగే మనం "ఏ బిళ్ళ మీద ఉంది" అని కూడా అడగాలి. రంజాన్ ఉపవాసాలు ఉండేవాళ్ళకి లెక్క వేరు. అది రోజూ రాత్రి తిండి ఉండే ఉపవాసం. బిళ్ళని ఇఫ్తార్ సమయానికి మార్చి, బాగా నీళ్ళు తాగమని చెప్పి కొనసాగించవచ్చు. రంజాన్‌కి సరిగ్గా ముందు కొత్తగా మొదలుపెట్టడం మాత్రం మంచిది కాదు.

తర్వాత

ఏడో రోజు ఇంటికి వెళ్ళారు. క్రియాటినిన్ 0.8కి వచ్చాక మెట్‌ఫార్మిన్ విడిగా మొదలుపెట్టాం. రాత్రి గ్లార్జిన్ (రోజంతా పనిచేసే ఇన్సులిన్), భోజనాలకి ముందు చిన్న మోతాదుల్లో ఇన్సులిన్. అన్నం ఒక కప్పు, పప్పు, కూర, మజ్జిగ. తక్కువ పిండిపదార్థం తినాలన్న ఆలోచన తప్పు కాదు, సున్నా చేయడమే ఇబ్బంది అని చెప్పాం. ఆవిడ ఆ మాటకి ఊరట పడ్డారు. తిట్లు తింటానేమోనని భయపడి డైట్ సంగతి మొదట దాచారట.

ఆరు వారాలకి పరగడుపు సీ-పెప్టైడ్ చూస్తే 0.6 నానోగ్రామ్, అప్పుడు షుగర్ 148. అంత షుగర్‌కి పాంక్రియాస్ ఇంకా గట్టిగా పనిచేయాలి, చేయడం లేదు. జీఏడీ యాంటీబాడీ (టైప్ 1లో తరచుగా కనిపించేది) నెగెటివ్. పేరుకి టైప్ 2యే, కానీ ఇన్సులిన్ దాదాపు అడుగంటింది. "అయితే సూది ఎప్పటికీ తప్పదా?" అని అడిగారు. తప్పదని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత పెన్ సూది సైజు ఎంతుంటే నొప్పి తక్కువని అడిగారు. 4 మిల్లీమీటర్లది రాసిచ్చాను.

కేస్ షీట్ మీద, డిశ్చార్జ్ సమ్మరీ మీద అలర్జీ రాసే గడిలోనే ఎర్ర ఇంకుతో రాశాం: ఎస్‌జీఎల్‌టీ2 మందులు మళ్ళీ ఇవ్వొద్దు. కూతురు ఆ కాగితాన్ని ఫోటో తీసుకుంది, మందుల షాపతనికి కూడా పంపింది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే) కార్యక్రమానికి రిపోర్టు పంపాం. డాక్టరే కాదు, నర్సు, ఫార్మసిస్టు, పేషెంట్ ఎవరైనా పంపొచ్చు. టోల్ ఫ్రీ నంబరు 1800 180 3024.